ఏడో బండి పది డిగ్రీలకు వచ్చేదాకా

రోజు 39. బయట మైనస్ 28. పదకొండు బండ్లలో పది బర్నర్లు నడుస్తున్నాయి.

నడవనిది నాదే. తప్పు బర్నర్‌ది కాదు, తూటాది.

పాత పుస్తకం నెత్తురులో తడిసి పనికిరాకుండా పోయింది. కొత్తది మొదలుపెడుతున్నాను కనుక ఒక మాట ముందే రాసి పెడతాను. ఇది మా ఉప్పు బిడారు మరమ్మతుల పుస్తకం. ఏ ఇంటిబండికి ఏం రోగమొచ్చింది, ఏం మార్చాను, గది వేడి ఎంతకొచ్చింది, ఇవన్నీ రాయడం మెకానిక్ పని. ఆ మెకానిక్‌ని నేను, భూమక్కని. పంచాయితీ కూర్చుంటే ఈ పుస్తకాన్నే పైకి చదువుతారు. ఇందులో ఉంటే జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. కాబట్టి అబద్ధం రాయను. కోపం మాత్రం ఆపుకోను. అది నచ్చని వాళ్లు మంచులో బండి కింద వెల్లకిలా పడుకుని ఒక్క బోల్టు విప్పి వచ్చాక నాతో మాట్లాడండి.

పొద్దున పెన్‌గంగ వంతెన మీద దిగువ బిడారు వాళ్లు అడ్డం తిరిగారు. మూడు బండ్లు, ఇరవై మంది. మన ఉప్పు మీద ఎప్పటినుంచో వాళ్ల కన్ను. ఒకడు నా కిటికీ అద్దం పగలగొట్టి చెయ్యి లోపల పెట్టాడు. పైపు పానాతో మణికట్టు మీద ఒక్కటిచ్చాను, విరిగింది. రెండో చెయ్యి పెట్టాడు. అదీ విరిగింది. మూడోసారి తల పెట్టాడు. ఏం మనిషో! వాణ్ని ఇంకా కిటికీలోంచి పూర్తిగా లాగలేదు, గడ్డకట్టుకుపోయాడు. వేడినీళ్లు పోసి విడదీయాలి.

మనవాళ్లలో గజానంద్ పోయాడు. బిడారు పెద్ద ఆశన్న చిన్నకొడుకు. ఆశన్న నాకు సొంత పెద్దబాపు, అంటే నా తమ్ముడే పోయాడు. మెడలో తూటా దిగింది. వాళ్లన్న బక్కన్న ఒళ్లోనే ప్రాణం పోయింది. బక్కన్నకు ఆ పేరు ఎవరు పెట్టారోగాని మనిషి డీజిల్ డ్రమ్ములా ఉంటాడు. వాడు తమ్ముణ్ని పక్కన పడుకోబెట్టి, జాకీ రాడ్ తీసుకుని, గాయపడి కింద పడి ఉన్న దిగువోడి దగ్గరికి వెళ్లాడు. వాడు చచ్చాక కూడా కొడుతూనే ఉన్నాడు. ఎవరమూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

మా మరిది లింబాద్రి కూడా మన పక్కనే నిలబడి పేల్చాడు. అతను పుట్టింది దిగువ బిడారులోనే. రెండేళ్ల కింద మా చెల్లెలు రాజవ్వను చేసుకుని మన ఏడో బండికి ఇల్లరికం వచ్చాడు. గురి చూసి పేల్చాడో, గాల్లోకి పేల్చాడో నేను చూడలేదు. చూడలేదని రాస్తున్నాను.

మరమ్మతు: నా బండి తొట్టికి తూటా తగిలి పచ్చ నీళ్లన్నీ వంతెన మీద కారి గడ్డకట్టాయి. తొట్టికి అతుకు వేశాను. వాళ్లు వదిలేసి పారిపోయిన బండిలో నలభై లీటర్ల ఎర్ర నీళ్లు దొరికితే తెచ్చి పోశాను. బర్నర్ వీటిని కాస్తే పంపు నేలకింద గొట్టాల్లో బండంతా తిప్పుతుంది. ఉత్త నీళ్లయితే గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి కనుక చలికి గడ్డకట్టని కూలెంట్ కలిపి వాడతాం. మనవి పచ్చవి, బుద్ధెరిగినప్పటి నుంచీ పచ్చవే చూశాను. వాళ్లవి ఎర్రవి. దొంగనీళ్లయితేనేం, కిటికీలోవాణ్ని విడదీసి రేకు కొట్టాక గది ఇరవై మూడుకు వచ్చింది.

రోజు 40. బయట మైనస్ 31. పదకొండుకు పదకొండూ నడుస్తున్నాయి.

పొద్దున గజానంద్‌ను మంచులో పెట్టాం. మధ్యాహ్నం రాజవ్వ బిడ్డకు నీళ్లు కలిపాం. పాప పుట్టి ఇవాళ్టికి పదో రోజు. పదో రోజు నీళ్లు కలపడం చావొచ్చినా ఆగదు. ఒక్కో ఇంటివాళ్లు తమ బండి తొట్టిలోంచి ఒక చెంబు వెచ్చటి నీళ్లు తెచ్చి బిడ్డ ఉన్న బండి తొట్టిలో పోస్తారు. ఇక మీదట ఆ బిడ్డ పదకొండు ఇళ్ల వేడిలో పెరిగినట్టు.

పెద్దమ్మను కదా, నేను చెంబుతో ఆగుతానా? రెండు లీటర్ల డబ్బా నిండా పట్టుకెళ్లాను. పోయబోతుంటే లింబాద్రి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు వదినె. గవి పొయ్యకు."

నీళ్లు కలిపే చోట ఎవరి చెంబునైనా కాదంటే ఆ ఇంటి చుట్టరికాన్నే కాదన్నట్టు. అదీ తమ్ముణ్ని పెట్టి వచ్చిన పూట, దిగువ నుంచి వచ్చినవాడు నా చెంబు వద్దంటాడా! డబ్బా ఎడమ చేతికి మార్చుకుని చెంప మీద ఫెడీమని ఒకటిచ్చాను.

"నా నీళ్లు అంత పాడైనయా నీకు?"

లింబాద్రి ఏదో చెప్పబోయి బక్కన్న చేతిలోని జాకీ రాడ్ చూశాడు. రాజవ్వ మొహం చూశాడు. చెయ్యి వదిలేశాడు. రెండు లీటర్లూ పోశాను. పాప నా వేలు పట్టుకుంది. ఏడో బండి గది: ఇరవై రెండు.

రోజు 41. బయట మైనస్ 31. ఏడో బండి బర్నర్ ఆగింది.

పొద్దున టీ నీళ్లు పెట్టుకుంటుంటే అరుపులు వినబడ్డాయి. వెళ్లేసరికి బక్కన్న, ఇంకో నలుగురు కలిసి ఏడో బండి కింద నుంచి లింబాద్రిని కాళ్లు పట్టి లాగుతున్నారు. అతని చేతిలో పానా ఉంది. నీళ్లు వదిలే మూత సగం విప్పి ఉంది.

"చూసినవా అక్కా! మంది లేవకముందు దొంగలెక్క దూరిండు. చంటిపిల్ల ఉన్న ఇంట్ల నీళ్లు వదిలి సంపుదమనుకున్నడు," అన్నాడు బక్కన్న.

"బర్నర్ అప్పటికే ఆగింది. గది పదకొండుకు పడ్డది. వదినె, నేను జెప్పేది..." అన్నాడు లింబాద్రి.

అంతవరకే. బక్కన్న జాకీ రాడ్‌తో దవడ మీద కొట్టాడు. చప్పుడు నాకు వినబడింది. ఎముక విరిగిన చప్పుడు మొన్న వంతెన మీద విన్నాను కనుక పోల్చుకోగలిగాను. రెండు పళ్లు మంచులో పడ్డాయి. ఆ తర్వాత బూట్లతో తన్నారు. పక్కటెముకలు, వీపు, మళ్లీ మొహం. చేతులు వెనక్కి విరిచి కట్టి ఉప్పు లారీలో బస్తాల మధ్య పడేశారు. నేను అక్కడే నిలబడ్డాను. నేనూ ఒక తన్ను తన్నాను, అది కూడా రాస్తున్నాను.

బాలింత పురుట్లోంచి కదలకూడదని ఇద్దరు ముసలమ్మలు గొణిగారు. పురుడూ లేదు, గిరుడూ లేదు, నోరు మూసుకోండని రాజవ్వనూ పాపనూ నా బండిలోకి తెచ్చుకున్నాను.

పరీక్ష: బర్నర్ అంటుకుంటోంది, మంట వస్తోంది, నాలుగు నిమిషాల్లో వేడి మితిమీరిందని దానంతటదే ఆగిపోతోంది. మూడుసార్లూ అదే వరస. బర్నర్ దగ్గరి గొట్టం పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. బండి వెనక గొట్టం పట్టుకుంటే చెయ్యి అతుక్కుంటోంది. పంపు తిరుగుతున్న చప్పుడుంది. అంటే నీళ్లు కాగుతున్నాయి, కదలడం లేదు. సగం విప్పిన మూత పూర్తిగా విప్పాను. పచ్చ నీళ్లు రాలేదు. మట్టిరంగు జావ ముద్దముద్దగా జారింది.

రాశాను: ఏడో బండి నీళ్లలో ఎవరో ఏదో కలిపారు.

మధ్యాహ్నం పంచాయితీలో ఆ ఒక్క వాక్యమే చదివారు. మనకు రెండే శిక్షలు. ఒక ఇంటి వేడిని పొరపాటున పాడుచేస్తే చెయ్యి: ఆ ఇంటిబండి ముందు గార్డు ఇనుముకు ఉత్త చెయ్యి కట్టేస్తారు, ఆ గది పది డిగ్రీలకు వచ్చేదాకా విప్పరు. కావాలని పాడుచేస్తే దింపుడు: తరవాతి మజిలీలో దించేసి బిడారు వెళ్లిపోతుంది. దింపినవాళ్లెవరూ గంట దాటి బతకలేదు.

లింబాద్రికి దింపుడు. ఎల్లుండి ఇచ్చోడ మెట్ట మీద.

రోజు 42. బయట మైనస్ 33. నడకలో ఉన్నాం.

నడుస్తున్న ఏడో బండిలో పొద్దుటి నుంచీ పని. లోపల మైనస్ ఆరు. ఊపిరి వదిలితే మీసాలు మొలిచినట్టు గడ్డకడుతోంది. మొగుడు పోయినా ఇల్లయినా మిగలాలి కదా రాజవ్వకు అని చేస్తున్నాను. ఆ మాట ఎంత సులభంగా రాశానో చూడండి.

గాలి పట్టిందేమోనని పైమూతలు విప్పాను, కాదు. పంపు విప్పాను, రెక్క బాగానే ఉంది. జల్లెడ తీశాను, జావ. బర్నర్ వేడిని నీళ్లకు ఇచ్చే రేకుల పెట్టె విప్పితే అదంతా సగం ఉడికిన రాగిజావలా అడ్డం పడి ఉంది. ఏం పోశాడో తెలిస్తే దేనితో కడగాలో తెలుస్తుందని లింబాద్రి సామాన్ల పెట్టె బద్దలుకొట్టాను.

మందు లేదు, మాకు లేదు. శుభ్రంగా తుడిచిన ఖాళీ డ్రమ్ము ఒకటి. చుట్ట చుట్టిన గొట్టం. మూతలు గట్టిగా బిగించిన ఆరు సీసాల్లో పన్నెండు లీటర్ల పచ్చ నీళ్లు. తన వంతుకు వచ్చినవి నెలల తరబడి మిగుల్చుకున్నట్టున్నాడు. ఇల్లు పాడుచేయాలనుకున్నవాడు మళ్లీ నింపడానికి నీళ్లు ఎందుకు సర్దిపెట్టుకుంటాడు?

డ్రైవర్లు మారడానికి బండ్లు ఆగగానే నా బండికి పరుగెత్తాను. రాజవ్వ పాపకు పాలిస్తోంది. నిన్నటి నుంచి నాతో ఒక్క మాట లేదు.

"రాజవ్వా, మొన్న పొద్దుగూకినంక ఆయన నీతోని ఏమన్నడే?"

"ఇప్పుడడుగుతున్నవా?"

"చెప్పవే!"

"ఎర్రనీళ్లు పచ్చనీళ్లు కలిస్తే గడ్డగడ్తయన్నడు. దిగువల చిన్నపిల్లగానికి సుత ఎరుకేనట. రేపు పొద్దుగాల ఎవ్వలు లేవకముందు మొత్తం వదిలేసి కొత్తయి పోస్త, మీ అక్క మనసు నొప్పియ్యద్దన్నడు."

"మరి నిన్న ఎందుకు చెప్పలేదే నువ్వు?"

"చెప్పిన. మొత్తుకున్న. నువ్వు పుస్తకంల రాసుకుంటున్నవ్."

నాకు గుర్తుంది. అది ఏడుస్తూ నా భుజం పట్టి ఊపింది. ఉండవే, రాత చెడిపోతోంది అని విదిలించాను.

పరీక్ష: స్టీలు గ్లాసులో సగం నా బండి ఎర్రనీళ్లు, సగం లింబాద్రి సీసాలోని పచ్చనీళ్లు పోసి బర్నర్ గొట్టం మీద పెట్టాను. మొదటి గంటలో ఏమీ లేదు. ఆ గంటలో నేను ఎన్ని దేవుళ్లకు మొక్కానో, గడ్డకట్టాలని మొక్కానో, కట్టకూడదని మొక్కానో నాకే తెలియదు. మూడో గంటకు గోధుమరంగు వచ్చింది. ఐదో గంటకు గ్లాసు బోర్లిస్తే కిందికి జారలేదు.

పదిహేడేళ్లుగా మెకానిక్‌ని. ఒక్క రంగు నీళ్లు తప్ప ఎరగను. ఎరగనని కూడా ఎరగను. తెలిసినవాడు చెయ్యి పట్టుకుని ఆపితే చెంప పగలగొట్టాను.

మళ్లీ బండ్లు ఆగినప్పుడు ఆ గ్లాసు పట్టుకుని ఉప్పు లారీ ఎక్కాను. లింబాద్రి బస్తాలకు చేరబడి ఉన్నాడు. మొహం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియడం లేదు. దవడ ఒకవైపు వేలాడుతోంది. కట్లు కోసి గ్లాసు ముందు పెట్టాను. చూశాడు. తల ఊపబోయి నొప్పికి ఆగిపోయాడు. బస్తాలోంచి ఒలికిన ఉప్పులో వేలితో రెండక్షరాలు రాశాడు: పాప?

"నా బండ్ల ఉన్నది. ఇరవై రెండు డిగ్రీలు. పాలు తాగుతున్నది," అన్నాను. నాలాంటి నోరుగలది ఆ లారీలో గొల్లుమని ఏడ్చింది.

అక్కడి నుంచి నేరుగా ఆశన్న పెద్దబాపు బండికి వెళ్లి గ్లాసు బోర్లించి చూపించాను. ఆయన ఆ ముద్దను వేలితో నొక్కి చూశాడు.

"ఎవ్వలకన్న చూపెట్టినవా?"

"నీకే."

"అయితే ఇను బిడ్డా. పుస్తకంల నిన్నటి కాయితం ఉన్నది, ఇయ్యాలటిది లేదు. ఉండద్దు. నీ చెయ్యి పోతే పదకొండు బండ్లకు దిక్కెవ్వరు? ఉప్పు తీస్కొని పైన జేరేదాక ఇంక నలభై దినాలు. ఒక్క పరాయోని కోసం అందర్ని సంపుతవా?"

"పరాయోడు కాదు పెద్దబాపు. నీ బిడ్డ మొగడు."

"నా కొడుకు సచ్చిండే!" అని గట్టిగా అరిచి నా చేతిలోని పుస్తకం లాక్కోబోయాడు. నేను వదల్లేదు. డెబ్భై ఏళ్ల మనిషి, నన్ను ఎత్తుకుని ఆడించినవాడు, నా జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది. ఈ పేజీ మీది మరక అదే. నేను ఆయన చిటికెన వేలు వెనక్కి విరిచాను. విరిచాక ఇద్దరం కింద కూలబడి రొప్పుతూ ఉండిపోయాం. ఆయన గజానంద్ పేరు పట్టి ఏడ్చాడు.

ఇవాళ్టి పేజీ రాశాను. రేపు చదువుతాను.

మరమ్మతు: ఏడో బండి రేకుల పెట్టెను మరుగునీళ్లతో పదకొండు సార్లు కడిగాను. గొట్టాల్లోంచి చివరికి తేట నీళ్లు వచ్చాయి. ఆఖరి చుక్కదాకా వదిలేశాను. ఇక నింపి, గాలి తీసి, అంటించాలి.

రోజు 43. బయట మైనస్ 34.

రోజు 45. బయట మైనస్ 29. పదకొండుకు పదకొండూ నడుస్తున్నాయి.

మొన్న రాయలేకపోయాను. ఇది ఎడమ చెయ్యి. వంకరలకు తిట్టుకోకండి.

ఇచ్చోడ మెట్ట మీద లింబాద్రిని దించడానికి లారీ తలుపు తీశారు. బక్కన్న అప్పటికే అతని బూట్లు విప్పుతున్నాడు. నేను ఏడో బండి మెట్టెక్కి నలభై రెండో రోజు పేజీ మొదటి అక్షరం నుంచి ఆఖరిదాకా చదివాను. గ్లాసు చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్లింది. బక్కన్న దాన్ని నేలకేసి కొట్టాడు. ముద్ద పగల్లేదు.

"అక్క అబద్ధమాడుతున్నది! చెల్లెలు ముండమోస్తదని ఏదో కలిపి తెచ్చింది!"

నేను మెట్టు దిగి వెళ్లి వాడి ముక్కు మీద తలతో గుద్దాను. నా కనుబొమ్మ మళ్లీ తెగింది, వాడి ముక్కు పోయింది. ఇద్దరం మంచులో దొర్లాం. నలుగురు పట్టి లాగారు.

పొరపాటుకు శిక్ష చెప్పే హక్కు వేడి పోయిన ఇంటి ఆడమనిషిది. రాజవ్వ పాపను గొంగళిలో చుట్టుకుని బయటికొచ్చింది. నా వంక చూడలేదు.

"నా ఇంట్ల గా నీళ్లు పోసిన చెయ్యి ఒకటి. నా మొగని మాట ఇనకుంట నోరు పగలగొట్టిన చెయ్యి ఒకటి. రెండు కట్టుండ్రి."

ఆశన్న పెద్దబాపే కట్టాడు, విరిగిన వేలితో. ముందు గార్డుకు ఎడమవైపు బక్కన్న కుడిచెయ్యి, కుడివైపు నా కుడిచెయ్యి. ఇనుము తగలగానే అరచెయ్యి అతుక్కుపోయింది. మొదట మంట, మంట, మంట. తరవాత సూదులు. లోపల లింబాద్రి ఒక్కడే ఉన్నాడు, దవడకు గుడ్డ కట్టుకుని. ప్రతి ఇంటివాళ్లూ చెంబుతో పచ్చనీళ్లు తెచ్చారు. ప్రతి చెంబునూ వెలుతురుకు పట్టి చూసి పోసుకున్నాడు. ఎవ్వరూ నొచ్చుకోలేదు.

బర్నర్ అంటుకున్న చప్పుడు వినబడింది. టిక్కుటిక్కుమంది, ఊదడం మొదలైంది. నాలుగు నిమిషాలు. ఆగిపోయింది.

బక్కన్న తల బానెట్‌కేసి కొట్టుకున్నాడు. "పగ తీర్సుకుంటుండక్కా! కావాల్నని ఆపుతుండు!"

"నోరు మూసుకోరా, ఇననియ్యి!" అని అరిచాను. "లింబాద్రీ! అవునంటె గొట్టం మీద ఒకసారి కొట్టు, కాదంటె రెండుసార్లు. పంపు తిరుగుతున్నదా?"

ఒకసారి కొట్టాడు.

"ఎనక గొట్టం కాలుతున్నదా?"

రెండుసార్లు.

"పైతొట్టిల నీళ్లు కదులుతున్నయా?"

రెండుసార్లు.

గాలి. తొట్టి డ్రైవర్ సీటు పైన ఉంటుంది. బండి మెట్ట దిగువకు ముక్కు పెట్టి ఆగింది. ఆపమన్నది నేనే, తొందరలో చూసుకోలేదు. గాలంతా వెనక గొట్టాల్లో ఇరుక్కుని, పైకి రావడానికి దారి లేక కూర్చుంది. ముందు చక్రాలు లేస్తే తప్ప తొట్టిలోకి రాదు. ముందు చక్రాలు లేస్తే గార్డు కూడా లేస్తుంది.

"జాకీలు పెట్టుండ్రి! ముంగట ఎత్తుండ్రి!"

"మీ చేతులు దానికే ఉన్నయి బిడ్డా, తోలు ఊడుతది," అన్నాడు పెద్దబాపు.

"ఎత్తుండ్రి అంటున్న!"

ఎత్తారు. జాన, జానన్నర, రెండు జానలు. చెయ్యి పైకి, ఒళ్లు కిందికి. అరచేతి తోలు ఇనుముకు ఉండిపోయింది, నేను జారాను, తాడు మణికట్టును పట్టుకుంది. అరిచానట. నాకు గుర్తు లేదు. బక్కన్న అరుపు మాత్రం గుర్తుంది. రెండేళ్లలో మొదటిసారి వాడు ఆ మాట వాడాడు.

"బావా! నీ కాళ్లు మొక్కుత బావా! జెర జల్ది జెయ్యి బావా!"

నేలకింద గుడగుడమంది. ఆ చప్పుడు కోసం ఏ పాటనైనా వదులుకుంటాను. బుడగలు తొట్టిలోకి వస్తున్నాయి. లింబాద్రి మళ్లీ అంటించాడు. ఈసారి నాలుగు నిమిషాలు దాటింది. ఆరు దాటింది. ఆగలేదు.

"ఎనక గొట్టం?"

ఒకసారి.

ఇక ఎదురుచూడడమే. నా వేళ్లు నావి కాకుండా పోయాయి. తెల్లగా, కొవ్వొత్తి ముక్కల్లా ఉన్నాయి. పది వస్తే మూడుసార్లు కొట్టాలని ముందే చెప్పుకున్నాం. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టాను. బక్కన్న ఏడుపు ఆగిపోయింది, దాంతో ఇంకా భయం వేసింది.

మూడుసార్లు కొట్టాడు. తాళ్లు కోశారు.

నిన్న నా వేళ్లు రెండు, బక్కన్నవి మూడు నల్లబడ్డాయి. తీసింది లింబాద్రే. గొట్టాలు కోసే కత్తెర, కాగిన డీజిల్, నోట్లో గుడ్డ. ముందు బక్కన్నవి తీశాడు. వాడు కళ్లు మూసుకుని, "తియ్యి బావా," అన్నాడు. బొటనవేలూ, చూపుడువేలూ, మధ్యవేలూ నాకు మిగిలాయి. పానా పట్టొచ్చు.

ఇవాళ పొద్దున రాజవ్వ నా బండికి వచ్చింది. పాపను నా ఎడమచేతిలో పెట్టి, నేను కట్టు మార్చుకోలేక తంటాలు పడుతుంటే గుడ్డ లాక్కుని గట్టిగా, నొప్పి పుట్టేలా కట్టింది. అది చాలు నాకు ఇవాళ్టికి.

తరవాత ఏడో బండికి వెళ్లాను, వేడి రాసుకోవడానికి. గోడమీది పెట్టె ఐదు నిమిషాలకోసారి గది వేడిని దాచుకుంటుంది. మీట నొక్కుతూ వెనక్కి వెళ్లి మొన్నటి అంకెలు చూశాను. మమ్మల్ని విప్పిన వేళకు పది లేదు. ఆరు ఉంది. పది వచ్చింది ఇంకో పదిహేను నిమిషాలకు. ఆ పదిహేను నిమిషాలు గడిచుంటే నాకు చెయ్యే ఉండేది కాదు.

లింబాద్రి పంపు దగ్గర కూర్చుని బోల్టు బిగిస్తున్నాడు.

"మొన్న మీటరు సక్కగ చూడలేదా నువ్వు?" అని అడిగాను.

గొట్టం మీద రెండుసార్లు కొట్టాడు. కాదు.

"చూసే కొట్టినవా?"

ఒకసారి.

"నేను పుస్తకంల రాస్త. నీకు ఎరుకే కద?"

నా వంక చూశాడు. ఆ వాచిన మొహంలో నవ్వులాంటిదేదో కదిలింది, నొప్పికి వెంటనే ఆగిపోయింది. ఒకసారి కొట్టాడు.

రాస్తున్నాను. చెయ్యి విప్పిన వేళకు ఏడో బండి గది: ఆరు డిగ్రీలు. పంచాయితీలో గట్టిగా చదవండి. శిక్ష నాలుగు డిగ్రీలు తక్కువైందని ఎవరికైనా అనిపిస్తే నా బండికి రండి, మూడు వేళ్లున్నాయి, తీసుకెళ్లండి. లింబాద్రి అబద్ధం కొట్టాడని మాత్రం ఎవరైనా నోరెత్తితే, ఎడమ చేత్తో కూడా పానా బాగానే తిరుగుతోంది.

ఏడో బండి గది, ఇప్పుడు: ఇరవై ఒకటి. పాప నిద్రపోతోంది.